నేర్చిన గింజ

విత్తనాల కొట్టు తెరవక ముందు

నేను రాసే మనిషిని కాను. పదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ తరవాత నా చేతిలో కలం కన్నా గరిటె ఎక్కువ కాలం ఉంది. ఇవాళ కోడలు చామంతి ఈ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"రాసుకో అత్తా. లేకపోతే ఇంకో నెల పోయేసరికి నువ్వు దేవతవి కాదని నువ్వే మర్సిపోతావు," అంది.

నవ్వుతూనే అంది గాని ఆ మాట నాకు తగిలింది. ఎందుకంటే పొద్దున్న సన్యాసమ్మ పిన్ని నా కాళ్ళకి దండం పెట్టినప్పుడు నేను వెనక్కి జరగలేదు. అందుకే కలం పట్టాను. జరిగింది జరిగినట్టు ఒక చోట ఉంటే నాకే మంచిది.

నా పేరు వరహాలమ్మ. మూడో పేటలో అందరి వంటా నాదే. మిగతా పేటల్లాగే మాదీ నేల కింద ఉంది. పైన ఎర్రమట్టి, పీల్చడానికి పనికిరాని గాలి. లోపల దీపాలు పెంచితే పగలు, తగ్గిస్తే రాత్రి. చోళ్ళు మా తిండి. కొన్ని పేటల వాళ్ళు వాటినే రాగులంటారు.

మా అత్తగారు నూకరత్నం గారు ఈ పేటకి తొలుత వచ్చిన వాళ్ళలో ఒకరు. ఆ రోజుల్లో ఒకసారి గొట్టాలు పాడై పైరుకి నీళ్ళు అందలేదట. వాడిపోయి తల వాల్చేసిన మొక్కలకి ఆవిడ తను తాగే నీళ్ళలోంచి గరిటెడు గరిటెడు పోసి బతికించారు. కష్టపడి బతికిన మొక్క కనక దాని గింజకి కష్టం తెలిసి ఉంటుందని, ఆ గింజలనే విత్తనానికి దాచారు.

అప్పటి నుంచి అదే మా ఆనవాయితీ. పైరు మోకాలెత్తు అయ్యాక కావాలనే నీళ్ళు ఆపుతాం. దాన్ని ఎండగట్టు అంటాం. వాడిన మొక్కకి ఎర్రదారం కట్టి, ఆడవాళ్ళం మా నీళ్ళు పోసి లేపుతాం. దాని గింజ నేర్చిన గింజ. అది విత్తనాల కొట్టుకి వెళ్తుంది. వాడకుండా నిలిచిన మొక్క ఏమీ నేర్చుకోలేదు కనక దాని గింజ వంటింటి కొట్టుకి, అంటే నా దగ్గరికి వస్తుంది.

ఇన్ని పంటలు నేర్చుకున్నా దారాలు తగ్గకపోగా పెరుగుతున్నాయి. నా పెళ్ళయిన కొత్తలో మడికి నాలుగైదు దారాలు కనిపిస్తే గొప్ప. పోయిన పంటకి మడి మడీ సగం ఎర్రగా ఉంది. ఇంతలో మంచుగని సన్నబడుతోందని నీళ్ళ కచేరీ వాళ్ళు రెండు తడులు తగ్గించేశారు. రాబోయే పంట మా కడుపులు నింపకపోతే పేట మూసేస్తారు. మా అరవై మందినీ, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తలా ఒక పేటకి పంచేస్తారు. మా అబ్బాయి మంచుగనిలోనే పని చేస్తున్నాడు. ఆ మాట వాడే తెచ్చాడు, ముఖం చిన్నబుచ్చుకుని.

చామంతి సంగతి ఇప్పుడు చెప్పాలి. పోయిన పంటకి అది కొత్త కోడలు. వాళ్ళ పుట్టింటి పేటలో ఉన్నది ఒకటే కొట్టు. మా అత్తగారి పెద్ద కొడుకు, మా బావగారు గౌరీశు గారు పొలం పెద్ద. ఆయన "కొట్లోంచి గింజలట్టుకెళ్ళి ఆ సివరి మడిలో జల్లీ అమ్మా" అంటే, వంటింటి కొట్టు దగ్గరగా ఉందని ఇది అందులోవి పట్టుకెళ్ళి చల్లేసింది. ఆ చివరి మడి గాలి గొట్టం పక్కన ఉంటుంది. అన్నిటికన్నా ముందు ఎండేది అదే. ఎండగట్టు పూర్తయ్యాక చూస్తే ఆ మడికి దారాలు కట్టే పని పెద్దగా పడలేదు. నాలుగు మొక్కలు వాడితే వాడాయేమో. విత్తనాల గంప తరగలేదేమిటని ఆరా తీస్తే అప్పుడు బయటపడింది సంగతి.

బావగారు దాన్ని పట్టుకుని చాలాసేపు తిట్టారు. ఏమీ నేర్వని గింజ ఎలా నిలిచిందన్నది మాత్రం ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి సన్యాసమ్మ పిన్ని తేల్చేసింది.

"వరాలు వంటింట్లో చెరుగుతా సోత్రం సదువుద్ది కదర్రా. ఆ గింజలు ఇన్నాయి."

నేను చేటలో చోళ్ళు చెరిగేటప్పుడు అప్పన్నస్వామి స్తోత్రం చెప్పుకునే మాట నిజం. గట్టిగా కూడా కాదు, నా చెవికి మాత్రం వినిపించేంత. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. ఇది కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గంపలు వచ్చిన రోజు

విత్తనాల కొట్టు తెరిచారు. ఇంటింటి వాళ్ళూ వచ్చి నేర్చిన గింజలు గంపలకెత్తి నా వంటింటికి తెచ్చారు. నడవడానికి చోటు లేదు. బావగారే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నేర్వని గింజకే నీ సోత్రం అంత పని సేసిందంటే, నేర్చిన గింజకి ఇంకెంత సేస్తాదో సూడు వరాలమ్మా. మావి గోల సేసే నోళ్ళు. నీది అలగ కాదు."

"నాకేటి తెలుసు బావగారూ. నేను సదివేది గింజల కోసం కాదు కదా."

"ఎవరి కోసమైతే ఏటి. ఇన్నాయి కదా. ఈ పాలి పేట నిలబడాలమ్మా."

ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆయన భార్య కన్నమ్మక్కకి నడుం పడిపోయి మంచం దిగలేదు. పేట మూస్తే ఆవిడని ఎవరు ఎక్కడికి మోసుకెళ్ళాలో ఆయనకే తెలియాలి. సరేనన్నాను. పొద్దంతా గంపల మధ్య కూర్చుని చదివాను. జావ అడుగంటిపోయింది. అడుగంటిన జావ కూడా ప్రసాదం లాగే తాగారు.

మర్నాడు

చామంతి గిన్నెలు తోముతూ అడిగింది.

"అత్తా, ఒక మాటడుగుతాను. కోప్పడవు కదా."

"కోప్పడితే ఆగుతావేటి."

"సోత్రం ఇంటేనే గింజ గట్టిపడిందని ఎలగ తెలుస్తాది? సోత్రం ఇనని గింజ కూడా నిలబడుద్దేమో."

"నా కొట్లో ఇనని గింజ ఏదే? రోజూ సదువుతూనే ఉంటాను."

అది చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "గౌరీశు మావ ఇంట్లోవి ఉన్నాయి కదా. కన్నమ్మత్తకి బాగోలేదని ఆళ్ళ తిండి గింజ కళ్ళం నుంచి నేరుగా ఆళ్ళింటికే ఎల్తాది. ఆ ఇంట్లో అవి ఇన్నవన్నీ తిట్లే."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన తిట్లు వీధి చివరికి వినిపిస్తాయి. గొట్టాన్ని తిడతారు, దీపాన్ని తిడతారు, జావ వేడిగా ఉంటే జావనీ తిడతారు. నవ్వాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. విత్తే రోజు ఇంకా దూరముంది. ఎండగట్టు మొలకల మీద కూడా పెట్టవచ్చు.

కన్నమ్మక్కకి జావ పట్టుకెళ్ళి దోసెడు చోళ్ళు అడిగాను. ఎందుకని అడగలేదు. "అట్టుకెల్లవే, ఈ ఇంట్లో ఉండి ఉండి అవి కూడా ఇసిగిపోనాయి," అంది.

మొలక పళ్ళేలు

రెండు పళ్ళేలు. ఒకే మట్టి, ఒకే దీపం కింద. ఒకదాంట్లో గంపల్లోవి, నేర్చినవి, నా స్తోత్రం విన్నవి. రెండోదాంట్లో బావగారి ఇంటి తిండి గింజలు, ఏమీ నేర్వనివి, తిట్లు తిన్నవి.

మొదటి పళ్ళెం దగ్గర రోజూ కూర్చుని చదువుతున్నాను. మామూలుకన్నా ఎక్కువ శ్రద్ధగా. రెండో పళ్ళేన్ని చామంతి తన గదిలో పెట్టుకుంది. దాని ముందు అది చెప్పేవి ఏమిటో నేను అడగలేదు. బావగారి గొంతు అనుకరిస్తోందని మాత్రం గోడ అవతలి నుంచి తెలుస్తోంది.

రెండూ పచ్చగా లేచాయి. నిజానికి మొదటిదే ఏపుగా ఉంది. వెడల్పాటి ఆకులు, పొడుగు కాడలు. రెండో పళ్ళెంలో మొక్కలు పొట్టిగా, సన్నాకులతో, తిండి లేని పిల్లల్లా ఉన్నాయి. నా మనసు కుదుటపడింది.

నీళ్ళు ఆపాక

మొదటి పళ్ళెం వాలిపోయింది. సగానికి పైగా ఆకులు చుట్టుకుపోయి తలలు వేలాడేశాయి. ఏపుగా ఉన్నవే ముందు పడ్డాయి.

రెండో పళ్ళెం నిలబడే ఉంది. అంతా కాదు. అక్కడొకటీ ఇక్కడొకటీ వాడాయి. మిగతా పొట్టివన్నీ వాటంతట అవే నిలబడ్డాయి.

పళ్ళేలు రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. స్వామిని అడిగాను. ఎప్పటిలాగే ఆయన నన్నే ఆలోచించుకోమని ఊరుకున్నాడు.

పదో తరగతి పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. ఒక చివర చేతులు నేలకి ఆనించి నడిచే కోతి, ఇంకో చివర నిటారుగా నడిచే మనిషి, మధ్యలో కాస్త కాస్త నడుం ఎత్తుకుంటున్న వాళ్ళు. కోతిని మాలో ఎవరూ చూసి ఎరగం. నేను ఆ వరసంతా ఒక్కరే అనుకున్నాను చాలా ఏళ్ళు. కష్టపడి, నేర్చుకుని, అడుగడుక్కీ లేస్తున్న ఒక్కరు. మొక్కలూ అలాగే లేస్తాయని, మేం ఎండబెట్టి నేర్పుతున్నామని అనుకున్నాను. నేనొక్కదాన్నే కాదు, పేటంతా అనుకుంది.

పళ్ళేలు చూస్తుంటే తెలిసింది. మొక్క ఏదీ అలా నేర్చుకుని లేవలేదు. వాడేది వాడే గుణంతోనే పుట్టింది. నిలిచేది నిలిచే గుణంతోనే పుట్టింది. ఎండగట్టు దాన్ని మార్చలేదు. అది ఎలాంటిదో మాకు చూపించింది, అంతే. తల్లి గుణం గింజకి వస్తుంది గాని తల్లి పడ్డ కష్టం గింజకి ఎక్కదు. మా ఇళ్ళల్లో గనిలో పని చేసి చేతులు కాయలు కాసిన వాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు కాయలు కాసిన చేతులతో పుట్టలేదు కదా.

మేం ప్రతి పంటలోనూ నిలిచేవాటిని ఏరుకుని తినేశాం. వాడేవాటిని ఏరుకుని విత్తాం. పంట పంటకీ ఎంచుకున్నది మేమే. తిరగేసి ఎంచుకున్నాం.

నా స్తోత్రానికి గింజల దగ్గర పని లేదని తేలినందుకు కొంచెం బాధ వేసింది. తరవాత చాలా తేలికగా అనిపించింది. స్తోత్రం స్వామి వినడానికి. గింజలు వినాలని ఎవరన్నారు?

కాని వంటింట్లో గంపలు అలాగే ఉన్నాయి. ఎల్లుండి విత్తుతారు. అవి విత్తితే ఈ పంట పోతుంది, దాంతో పేట పోతుంది. చెప్పవలసింది నేనే. చామంతి చెప్తే కొత్త కోడలి నోరంటారు.

కూడిన రోజు

పొలం గట్టు దగ్గర అందరూ కూడారు. చామంతీ నేనూ పళ్ళేలు మోసుకెళ్ళాం. ఏది ఏ గింజో చెప్పాను. నా గొంతు చిన్నది. వెనకాల వాళ్ళు ముందుకి జరగవలసి వచ్చింది.

నిలిచినవి తన ఇంటి గింజలేనని విని బావగారు ముందు తెల్లబోయారు. తరవాత ఆయన ముఖం మారింది.

"అయితే మా అమ్మ తప్పు సేసిందంటావు."

"మొక్కని బతికించడం తప్పెలగవుతాది బావగారూ. దాని గింజ ఇత్తకూడదంటున్నాను. అంతే."

పంపులు చూసే దాలినాయుడికి ప్రతిదాంట్లోనూ ఒక పుల్ల విరవాలని ఉంటుంది. "ఇదంతా ఆ కోతి పాఠమే కదా వరాలత్తా. కోతి మనిసైపోతే మిగతా కోతులు ఇంకా కోతుల్లాగే ఎందుకున్నాయంట?"

"నీకూ మీ సిన్నాన్న కొడుక్కీ తాత ఒక్కడేనా కాదా?"

"ఒక్కడే."

"నువ్వు పుట్టీసినావని ఆడు మాయమైపోనాడేటి? ఆడి దారి ఆడిది, నీ దారి నీది. కోతికీ మనకీ అంతే. కోతి మనకి తాత కాదు, దూరపు సుట్టం."

"ఆడికి మాత్రం దూరపు సుట్టం కాదత్తా, దగ్గరి సుట్టమే," అన్నాడు దాలినాయుడు. అందరూ నవ్వారు. ఆ చిన్నాన్న కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. మట్టిగడ్డ ఒకటి విసిరాడు.

బావగారు నవ్వలేదు. "సరే. అన్నీ తెలిసినట్టు మాటాడతన్నావు గదా. అసలు మొదటి గింజ ఎలగొచ్చింది? మొదటి పేణం ఎక్కడ్నుంచొచ్చింది? అది సెప్పు ముందు."

"అది నాకు తెల్దు బావగారూ."

"తెలీనప్పుడు ఇదెలగ తెలుస్తాది?"

"అంబలి రోజూ పులియబెడతాను. నిన్నటిది కొంచెం ఉంచి ఈ వేల్టి దాంట్లో కలుపుతాను. ఆ ఉంచింది మా అత్తగారి కాడ్నుంచి వచ్చింది, ఆవిడకి ఆళ్ళమ్మ కాడ్నుంచి. మొట్టమొదటి పులుపు ఎలగ పుట్టిందో నాకు తెల్దు. అది స్వామికి తెలుసు, సదువుకున్నోళ్ళు ఎతుకుతున్నారంట. ఈ వేల్టి అంబలి పులిసిందో లేదో మాత్రం నాకు తెలుస్తాది. అది వేరే సంగతి, ఇది వేరే సంగతి."

ఆయన పళ్ళేల దగ్గర వంగి, వాలిన మొక్కని వేలితో ఎత్తి చూశారు. వదిలితే మళ్ళీ వాలింది.

అప్పుడు దాలినాయుడు మళ్ళీ అన్నాడు. ఈసారి వేళాకోళం కాదు.

"అయితే మనుసుల సంగతి కూడా అంతే గదా. గట్టోళ్ళు ఉండాలి. మంచాన పడ్డోళ్ళనీ ముసిలోళ్ళనీ వేరే పేటకి పంపీసినామంటే నీళ్ళూ తిండీ మిగుల్తాయి. పంట తగ్గినా మనం ఉండొచ్చు."

కొందరు తలలు దించుకున్నారు. దించుకున్న తీరు చూస్తే వాళ్ళకీ ఆ ఆలోచన వచ్చిందని తెలిసింది. బావగారి చెయ్యి మొక్క మీదే ఆగిపోయింది. ఈ మాట నేను పట్టుకొచ్చిన పళ్ళేలలోంచే పుట్టింది.

"దాలీ," అన్నాను. "గట్టిది నిలిచిందని నీకెవరు సెప్పేరు? సూడు. ఏపుగా ఉన్నవి ముందు పడ్డాయి. నిలిచినవి ఈ పొట్టివి. నీళ్ళు బాగా ఉన్న సోట ఆ పడ్డవే గెలిచీవేమో. ఏది గట్టిదో ముందర సెప్పడానికి నువ్వెవరు, నేనెవరు?"

"అది కాదత్తా..."

"ఇంకోటి. సోళ్ళని మనం తినడానికి పెంచుతున్నాం. మనుసుల్ని తినడానికి పెంచట్లేదు. మొక్కల్లో ఏం జరుగుతాదో నేను సెప్పేను. మనుసులు ఏం సెయ్యాలో అందులో లేదు. అది కావాలంటే కన్నమ్మక్క మంచం కాడికెళ్ళి, ఇప్పుడు నువ్వన్న మాట ఆవిడతో అని రా."

దాలినాయుడు వెళ్ళలేదు. "నోరు జారింది మావా," అన్నాడు బావగారితో.

ఆయన నడుం పట్టుకుని నెమ్మదిగా లేచారు. పైరు లేని మడుల వైపు తిరిగారు.

"వాడిన మొక్కకి నీళ్ళు పొయ్యడం మానేది లేదు," అన్నారు. "అది మా అమ్మ పెట్టిన పని. అది లేస్తాది, దాని గింజ మనం తింటాం. ఇత్తనం మాత్రం నిలిచినదాన్ది. గంపలు మార్చీండి."

అని, మారుస్తున్న వాళ్ళని వెంటనే తిట్టడం మొదలెట్టారు. గంపలు చిందుతున్నాయని.

విత్తిన రోజు

వంటింటి కొట్టు ఖాళీ అయింది. పంట వచ్చే దాకా నేర్చిన గింజలనే తినాలి. జావ రుచిలో తేడా లేదు. పిల్లలు మాత్రం, విత్తనాల గింజ తింటున్నామని తెలిసి కొంచెం గర్వంగా తాగుతున్నారు.

చెరిగేటప్పుడు స్తోత్రం చెప్పుకుంటూనే ఉన్నాను. ఎవరైనా వినడానికి వస్తే కూర్చోమంటున్నాను. గంప తెస్తే వెనక్కి పంపుతున్నాను. సన్యాసమ్మ పిన్ని నిన్న వంగబోతే, ఈసారి వెనక్కి జరిగాను. ఆవిడకి కోపం వచ్చింది.

ఎండగట్టు

నీళ్ళు ఆపిన తరవాత ఎవరికీ తిండి సయించలేదు. మడుల చుట్టూ తిరగడమే. బావగారు మాట్లాడడం మానేశారు. పొలంలో ఆయన గొంతు వినిపించకపోతే ఎలాగో ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

ఇవాళ దారాలు పట్టుకుని ఆడవాళ్ళం దిగాం. మొదటి మడిలో మూడు కట్టాను. రెండో మడిలో చామంతి కాస్త ఎక్కువ కట్టింది. ఈసారి రెండు తడులు తక్కువ కనక గాలి గొట్టం పక్కన మాత్రం చాలానే పడ్డాయి. అనుకున్నంత అద్భుతమేమీ కాదు. అయినా పోయిన పంటతో పోలిస్తే పచ్చదనం. నా కళ్ళకి అది చాలా ఎక్కువ పచ్చదనం. పడ్డవాటికి మా నీళ్ళు పోశాం. బావగారు కూడా తన చెంబు తెచ్చి, వాళ్ళమ్మ లాగే గరిటెతో పోశారు.

కోత అయ్యాక

నీళ్ళ కచేరీ నుంచి మనిషి వచ్చి కొట్లు చూసి వెళ్ళాడు. పేట ఉంటుందట. వచ్చే పంట మళ్ళీ చూస్తామన్నాడు. చూసుకోనీ. కన్నమ్మక్కని మంచంతో సహా కళ్ళం దాకా మోసుకొచ్చారు, దాలినాయుడూ ఇంకో ముగ్గురూ. ఆవిడ గుప్పెడు కొత్త చోళ్ళు ఒళ్ళో పోయించుకుని చాలాసేపు వేళ్ళతో కలుపుతూ కూర్చుంది. నేను వండాను. ఈసారి అడుగంటలేదు.

చామంతీ, ఈ కాగితాలు ఇక నీవి. పారెయ్యకు. ఎప్పుడైనా మళ్ళీ ఎవరైనా గంపలు పట్టుకుని ఎవరో ఒకరి కాళ్ళ మీద పడే రోజు వస్తే, నువ్వు చదువుకో. ఎవరికీ చూపించకు. దాలినాయుడు ఒక రోజు అన్న మాట ఇందులో ఉంది. మా అత్తగారి ఆనవాయితీ వల్ల పంట తగ్గిందని కూడా ఇందులో ఉంది. చదివిన వాళ్ళకి ఆ రెండే గుర్తుంటాయి. తన దాహం ఆపుకుని ఆవిడ పోసిన నీళ్ళు ఎవరికీ గుర్తుండవు.